ఒకే కంబళి వాసన

గాజుగోడ అవతల ఆడ కామెలాప్స్ ఒంటె ఎదకొచ్చింది. మగది మదమెక్కి నోటినిండా నురుగు కక్కుతూ తిరుగుతోంది. ఇవతల పరిశోధన కేంద్రంలో అందరూ పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా కుర్చీల అంచున కూర్చున్నారు.

మగది వెళ్లి ఆడదాని మెడ వాసన చూసింది. వెంటనే చల్లబడి, పక్కనే కూలబడి నెమరు వేయసాగింది. మూడేళ్లుగా ఇదే వరస.

మంచుయుగంలో అమెరికాలో తిరిగి, ఆనవాలు లేకుండా పోయిన ఒంటెల జాతి కామెలాప్స్. మంచులో దొరికిన ఒక మగదాని, ఒక ఆడదాని ఎముకల నుంచి డీఎన్ఏ తీసి, చిరిగినచోటల్లా ఇప్పటి ఒంటె డీఎన్ఏతో మాసికలు వేసి, అనంతపురం శివార్లలో కృత్రిమ గర్భంలో పెంచారు. తల్లి కడుపు చేసే పనే, కాకపోతే ప్లాస్టిక్ సంచిలో. ఆ ఎముకలు ఈ రెండు పిల్లలకే సరిపోయాయి. మత్తిచ్చి వీర్యం తీద్దామంటే మగదాని గుండె ఆగినంత పనైంది. ఇక అవే కలవాలి.

"చిన్నప్పుడు కొట్టుకునేవి కదా మారెక్కా, ఒకదానికొకటి ఎలా మచ్చికయ్యాయి?" అడిగింది డాక్టర్ విదుల.

మారెక్క గొర్రెల కాపరి. కరువులో మంద పోయాక, ఈ పిల్లలకు పాలుపట్టే పనికి కుదిరింది.

"మగది కరిసి సంపేటట్టుండె మేడం. తల్లిలేని గొర్రెపిల్లలకి జేసేదే జేసినా. ఒకే కంబళితో రెండిట్నీ దినామూ రుద్దినా. ఒకే వాసనొస్తే ఒక కడుపున పుట్టినామనుకుంటాయి గదా."

విదుల గాజుగోడ వైపు తిరిగింది. "గొర్రెలకు తోబుట్టువులన్న పట్టింపు లేదు మారెక్కా. వీటికి ఉన్నట్టుంది."

మారెక్క తన చేతులు చూసుకుంది. బతికించిన చేత్తోనే వంశం తుంచేసింది.

వాసన మరిచిపోతాయేమోనని ఆడదాన్ని కొండ అవతలి కొట్టానికి మార్చారు. అది మేత ముట్టలేదు. ఇక్కడ మగది గోడకు తల ఆనించి నిలబడిపోయింది. నెల తిరగకుండా రెండిటికీ ఎముకలు తేలాయి.

ఆడదాన్ని వెనక్కి తోలుకొచ్చిన మధ్యాహ్నం విదుల అడిగింది. "ఆ కంబళి ఉందా?"

"ఉండాది. మల్లా రుద్దితే ఇంగ ఎప్పటికీ ఈనదు మేడం."

"తెలుసు. రుద్దు."

మారెక్క ఏడుస్తూనే రుద్దింది. సాయంత్రానికి రెండూ ఒకే తొట్టిలో మూతులు పెట్టి మేశాయి.

ఇక పనిలేని కృత్రిమ గర్భం యంత్రాన్ని విప్పి లారీకి ఎక్కించారు. ఇప్పుడు అక్కడికి బడిపిల్లలు వస్తుంటారు. "అన్నాచెల్లెళ్లు ఎంత బాగున్నాయో!" అని మురిసిపోయి ఫోటోలు దిగుతారు. మారెక్క ఆ మాట వినలేక గడ్డిమోపు ఎత్తుకుని వెనక్కి వెళ్లిపోతుంది.