ఆపరేషన్ అడవి కొర్ర

2023 జూలై 18, మంగళవారం. ఆ ఉదయం హైదరాబాద్ తార్నాకలో ఒక హోటల్లో తిన్నది పెసరట్టు ఉప్మా అని దివాకర్‌కు ఇప్పటికీ గుర్తుంది. రుచి గుర్తులేదు. భార్య శైలజ చనిపోయినప్పటి నుంచి, ఏడాదిగా, అతనికి ఏ రుచీ తెలియడం లేదు.

బయట ముసురు. ఒకావిడ వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

“అల్లం చట్నీలో బెల్లం ఎక్కువైందా?”

“మా ఇంట్ల బెల్లం వెయ్యరు.”

కోడ్ సరిపోయింది. ఆవిడ విశాలాక్షి, గూఢచారి విభాగంలో అతని చీఫ్. అనంతపురం మనిషి.

“పేరయ్యను చంపేసినారు దివాకరా. నిన్న హబ్సిగూడలో, మెట్రో మెట్ల కింద. సూది గుచ్చినారు. ‘ప్యాకెట్ మారుస్తారు’ అని ఒక్క మెసేజ్ పెట్టినాడు, అంతే.”

ఏళ్లపాటు కలిసి పనిచేసిన మనిషి. ఏదో అనిపించాలి. ఏమీ అనిపించలేదు. దివాకర్ మిగిలిన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది తినేదాకా విశాలాక్షి ఆగింది. అంతమాత్రం దయ అతనికి చాలు.

“నల్లమల అడవి కొర్ర,” అందావిడ. “వానలు ఎగ్గొట్టినా కంకి వేస్తుంది. అడవిలో ఇంకెక్కడా లేదు. యూనివర్సిటీ సీడ్ బ్యాంకులో ఒక్క ప్యాకెట్ మిగిలింది. ఇక్కడ నాటితే మొలకకు తెగులు పడతాంది. కెన్యాలో ఆ తెగులు లేదు. అందుకే మొత్తం వాళ్లకిస్తాండాం. వాళ్లు పండించి సగం వెనక్కి పంపాల. పేటెంట్ ఎవురూ తీసుకోకూడదు. ఈరోజే ఒప్పందం.”

“మరి పేరయ్యను చంపిన ఆర్కిడ్ గ్యాంగ్‌కు, ఆ విత్తనాల దొంగలకు, ఏం కావాలె?”

“అసలు ప్యాకెట్. దాని బదులు మైక్రోవేవ్‌లో చంపిన గింజలు పెడతారు. చూస్తే తేడా తెలీదు. కెన్యాలో మొలవకపోతే ఇండియా మోసం చేసిందంటారు. ఒప్పందం గంగలో కలుస్తుంది, పేటెంట్ ఆర్కిడ్‌కు పోతుంది.”

“లోపల మనోళ్లు?”

“స్నేహలత. రెండేండ్లుగా ఆర్కిడ్‌లో మన ఏజెంట్. సీడ్ బ్యాంక్ ఆఫీసర్ వేషంలో ప్యాకెట్ తెస్తుంది. దొంగ కనపడితే ఉంగరం నొక్కి మనకు చెప్తుంది. నువ్వు టీ ఇచ్చేవాడివి.”

“టీ మంచిగనే ఇస్త మేడమ్.”

క్యాంపస్ హాల్లో దివాకర్ తెల్లకోటు వేసుకున్నాడు. గుండీలో కెమెరా, చెవిలో రిసీవర్. కెన్యా శాస్త్రవేత్త వంజిరు కప్పును రెండు చేతులతో పట్టుకుంది. మాట్లాడేవాళ్లు లేక టీ మనిషితోనే ఇంగ్లీషులో చెప్పుకుంది.

“వరసగా నాలుగు వానాకాలాలు పోయాయి. మా అన్న ఆవులకు మేత పెట్టలేక తోలేశాడు. ఈ గింజ కూడా మొలవకపోతే ఊరు ఖాళీ చేస్తారు.”

దివాకర్ అడగకుండానే ఆమె కప్పు మళ్లీ నింపాడు.

స్నేహలత మెరూన్ పట్టుచీరలో వచ్చింది. భుజాన ఖద్దరు సంచి, చేతిలో స్టీలు ట్రే, ట్రేలో వెండిరంగు రేకు ప్యాకెట్. హాలంతా తల తిప్పి చూసింది.

“ఏంది దివాకర్,” పక్కనుంచి వెళ్తూ గొణిగింది, “జీతం సరిపోతలేదా?”

“చక్కెర ఎక్కువెయ్యాల్నా మేడమ్?”

“నాకెందుకు చక్కెర!”

ఆమె ట్రేను బల్లమీద పెట్టి కెమెరాల వైపు నవ్వింది. “ఇప్పుడే కింది అంతస్తు కోల్డ్ రూమ్ నుంచి తెచ్చాను. మైనస్ పద్దెనిమిది డిగ్రీలు.”

వెంటనే ఉంగరంలోని మైకు నొక్కి దొంగ జాడ గుసగుసగా చెప్పింది.

“వెనక గేటు, ఎర్ర టోపీవాడు!” రిసీవర్‌లో విశాలాక్షి అరిచింది. “అందరూ పరుగెత్తండి!”

మఫ్టీలో ఉన్నవాళ్లంతా పరుగెత్తారు. దివాకర్ కదలలేదు. అతనికి పరుగెత్తాలనిపించలేదు. ఊరికే ట్రే వైపు చూస్తూ నిలబడ్డాడు.

ప్యాకెట్ పొడిగా ఉంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్ నిమిషంలో చెమర్చి బల్లంతా తడిచేస్తుంది. శైలజ దాని కింద ఎప్పుడూ పాత గుడ్డ వేసేది. ఇది అంతకంటే ఎంతో చల్లని చోటునుంచి వచ్చిందట. ట్రేలో ఒక్క చుక్క లేదు.

దివాకర్ తల తిప్పాడు. స్నేహలత ఖద్దరు సంచి అడుగున అరచేయంత తడి.

వంజిరు ప్యాకెట్‌ను ఉక్కుపెట్టెలో పెట్టింది. దౌత్య సీలు పడితే నైరోబీ దాకా దాన్ని ఎవరూ తెరవలేరు. అధికారి సీలు మెషీన్ హ్యాండిల్ కిందికి నొక్కుతున్నాడు. దివాకర్ టీ ట్రేను మధ్యలో దూర్చాడు. కప్పులు పగిలాయి. సీలు ట్రేమీద పడింది.

“పిచ్చి లేచిందా?” స్నేహలత అరిచింది.

“సంచి ఎందుకు తడిసింది మేడమ్?”

“బయట వాన పడుతలేదా?”

“కోల్డ్ రూమ్ ఈ బిల్డింగ్‌లనే ఉన్నది. మీరు బయటికే పోలే.”

ఆమె పెన్ను తీసి క్లిక్ చేసింది. కొసన సూది. దివాకర్ ఆమె మణికట్టు పట్టుకుని, సూది బల్ల చెక్కలో దిగేదాకా వంచాడు. సంచిలోంచి జారిన రెండో ప్యాకెట్ మంచులా చల్లగా ఉంది. దాన్ని పట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. చాలాకాలానికి ఏదో తెలిసింది.

వెనక గేటు దగ్గర దొరికిన ఎర్ర టోపీవాడు పాపం, ఏమీ తెలియని మామూలు కొరియర్ మనిషి.

వంజిరు విమానం మర్నాడు. సాయంత్రం అసలు ప్యాకెట్‌ను మళ్లీ కోల్డ్ రూమ్‌లో పెట్టారు.

“పేరయ్య ఇంటికి ఎవురో ఒకరు పోవాల,” అంది విశాలాక్షి. “వారాసిగూడ.”

“నేను పోత.”

దివాకర్ కోల్డ్ రూమ్ తలుపును రెండు చేతులతో నెమ్మదిగా తోస్తున్నాడు.

“అంత మెల్లగా ఏమప్పా? గింజలకు నిద్ర చెడుతుందా?”

“చెడితే మిమ్మల్నే జోకొట్టమంటరు మేడమ్.”

ఆ రాత్రికి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.