ఆరు గంటల బీపీ

ఉదయం ఆరూ పదికి రమణి ఫోన్‌లో మళ్ళీ అదే ఎర్ర అంకె. మంగాయమ్మ, 172.

మలికిపురం చుట్టుపక్కల నలభై ఇళ్ళలో బీపీ మిషన్లు పెట్టారు. రోగి ఇంట్లోనే చేతికి పట్టీ కట్టుకుంటే చాలు, అంకె దానంతటదే కాకినాడలో ఉన్న డాక్టర్ ప్రశాంతిగారికి చేరుతుంది. ఆస్పత్రికి రాకుండానే జబ్బుని అదుపులో పెట్టొచ్చా అని ఏడాదిపాటు సాగే పరిశోధన అది. ఆ ఇళ్ళన్నీ తిరిగేది రమణే. నలభయ్యో ఇల్లు తన సొంతిల్లు, రోగి అత్తగారు.

ముప్ఫై తొమ్మిది మందికి తగ్గింది, ఈవిడకే తగ్గలేదు. రెండుసార్లు మందు పెంచినా అంకె దిగలేదు. మనిషి మాత్రం వారం నుంచి గోడ పట్టుకుని నడుస్తోంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది రమణి పని. తిండి సయించడం లేదు, ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

"అత్తయ్యగారండీ, దొంగతనంగా ఆవకాయేమైనా తింటున్నారా?"

"ఒట్టమ్మా! జాడీ మూత తీసి నెలయ్యింది."

అంటూనే పాలచెంబు అరుగు మీద పెట్టబోయి తూలింది మంగాయమ్మ. పాలు నేలపాలయ్యాయి. రమణి ఒక్క అంగలో వచ్చి పట్టుకుంది. కూర్చోబెట్టి, సంచిలోంచి వేరే మిషను తీసి కట్టింది. తొంభై రెండు. మళ్ళీ కట్టింది. తొంభై.

రమణి ఫోను తీసి పొద్దుటి అంకె మళ్ళీ చూసింది.

"నిజం చెప్పండి. ఇందాక పట్టీ ఎవరు కట్టుకున్నారు?"

మంగాయమ్మ కొడుకు వైపు చూసింది. కొబ్బరి దింపు చూసుకోవడానికి తోటకి బయల్దేరుతున్న శ్రీనివాస్ తల గోక్కున్నాడు.

"నేనే. ఏం చెయ్యమంటావ్? ఆరింటికి ఒక్క పూట తప్పినా కుదరదంటావ్. గేదె పాలు చేపేదీ అప్పుడే. నువ్వేమో ఆ వేళకి మిగతా ఇళ్ళకి ఫోన్లు చేసుకుంటా వాకిట్లో ఉంటావ్. అమ్మ చెయ్యి తప్ప ఇంకోళ్ళని పొదుగు ముట్టనివ్వదాయె."

"నీకు మాటొస్తుందనమ్మా," అంది మంగాయమ్మ భయంగా. "వాడు నా కడుపున పుట్టినోడే కదా. ఒకటే రక్తం, ఎవరి చేతికి కడితే ఏంటిలే అనుకున్నాను."

"ఎన్నాళ్ళనుంచి?"

"నెలన్నరయ్యుంటాది," అన్నాడు శ్రీనివాస్.

"ఆ అంకె చూసే మీకు మందు పెంచేరండీ! రేపు మీరు పడిపోతే చంపింది నేనేనండీ!" రమణి అరుపు వీధిలోకి వినబడింది.

"గట్టిగా అనకు," అన్నాడు శ్రీనివాస్. "మందు మనమే తగ్గించేద్దాం. డాక్టరుగారికి తెలిస్తే నీ ఉద్యోగం పోద్ది."

ఆ ఉద్యోగం కోసం రమణి రెండేళ్ళు తిరిగింది. చేతిలో ఫోను పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. అత్తగారు గోడకి జారబడి కళ్ళు మూసుకుంది. ఇంక ఆలోచించకుండా ఫోను కలిపింది.

తెరమీద ప్రశాంతిగారు చివరిదాకా విన్నారు.

"ఇవాళ మాత్రలు వేసుకున్నారా?"

"లేదండి. టిఫినయ్యాక వేసుకుంటారు."

"వెయ్యకండి. వెంటనే రాజోలు ఆస్పత్రికి తీసుకెళ్ళండి, అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను. కానీ రమణిగారూ, జరిగింది నేను పైవాళ్ళకి రాయాల్సిందే."

"ఆయ్, రాయండి. తప్పు నాది. టైము చెప్పేను గానీ ఆ టైముకి ఆవిడకేం పనుందో అడగలేదండి."

ప్రశాంతిగారు తెరకి దగ్గరగా వంగారు. "అదలా ఉంచండి. ఆ నూట డెబ్భై రెండు ఎవరిది మరి?"

శ్రీనివాస్ బలవంతంగా నవ్వాడు. "మిషను అమ్మది కదండీ, అమ్మ బీపీయే చూపిస్తాదనుకున్నాను. నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను!"

తల నొప్పిగా ఉందని అతను నెలరోజులుగా అంటూనే ఉన్నాడు. ఎండలో తిరిగితే రాదా అని రమణి కసిరింది. ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ పట్టుకు చూసింది, మొగుడి చెయ్యి పట్టుకోలేదు. ఇప్పుడు ఆ చెయ్యి లాగి పట్టీ కట్టింది. నూట డెబ్భై ఆరు.

మంగాయమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని బావురుమంది. "నిజంగానే ఒకటే రక్తమా తల్లీ? నా రోగం వీడికిచ్చేనా?"

"అంత మాటనకండి అత్తయ్యా. మీరు అలా కట్టించబట్టే ఈయన సంగతి తెలిసింది," అంది రమణి. ఆమెకీ ఏడుపాగలేదు.

ఆటో వచ్చింది. రమణి ఇద్దరి మధ్యా కూర్చుని, చెరో చెయ్యీ పట్టుకుంది. రాజోలు చేరేదాకా వదల్లేదు.