పగటిపూట మా ఆయన

మా ఆయన మళ్ళీ రాత్రి పాళీకి వెళ్ళిపోతాడేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. సూరత్ అంతా కరోనా పేరు చెప్పి వణుకుతున్న ఆ ఏడాది ఈ మాట ఎవరితోనైనా అని ఉంటే నవ్వేవాళ్ళు. కరోనాకు కూడా భయపడ్డాను లెండి. పాప తుమ్మితే చాలు, పడుకునేదాకా దాని నుదురు పట్టుకుని చూస్తూనే ఉండేదాన్ని. కానీ ఆ భయం ఊరందరిదీ. ఇది నా ఒక్కదానిది.

ఎందుకంటే, పెళ్ళయిన నాలుగేళ్ళకు గానీ నాకు మా ఆయనతో పరిచయం కాలేదు.

ఆయన పేరు శివకృష్ణ. సూరత్ శివారు భేస్తాన్‌లో మగ్గాల కార్ఖానాలో పని. రాత్రి పాళీకి మనుషులు దొరకరని సేటు ఆయన్ని ఎప్పుడూ రాత్రికే ఉంచేశాడు. పొద్దున వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. మాది ఒకటే గది. ఆయన నిద్ర చెడకుండా పాపను గుమ్మంలో ఆడించడం, గిన్నె చప్పుడు కాకుండా అంట్లు తోమడం నేర్చుకున్నాను. సాయంత్రం లేస్తాడు, మళ్ళీ వెళ్ళిపోతాడు.

మధ్యలో మాట్లాడుకునే నాలుగు ముక్కలూ పాప మీదుగానే. మా వైపు కొత్త కోడళ్ళు మొగుడి ముఖం చూసి మాట్లాడరు. పిల్ల పుట్టాక పిల్లను పిలిచి చెబుతారు.

"వేదూ, బాపును అన్నం తినుమను."

"వేదూ, కూరల ఉప్పు లేదని అమ్మకు చెప్పు."

రెండేళ్ళు దాటిన వేదు ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. మేం వినేసేవాళ్ళం.

అలాంటిది, లాక్‌డౌన్ పెట్టి మగ్గాలు ఆపేశారు. మా ఆయన పగటిపూట, కళ్ళు తెరుచుకుని, ఇంట్లో కూర్చున్నాడు. చుట్టం వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. ఆ మూడో రోజునే మాకు మొదటి గొడవ.

"వేదూ, నా పప్పు డబ్బాలు ఎవలు జరిపిన్రు?"

"వేదూ, అమ్మ దినాం బకెట్ బోర్లేసి ఎక్కుతున్నది. పడుతదని కిందికి దించిన."

నాలుగేళ్ళుగా బకెట్ ఎక్కుతున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

శ్రావణం వచ్చేసరికి బజారు కొద్దికొద్దిగా తెరుచుకుంది, మగ్గాలు మాత్రం లేదు. జగిత్యాల వైపు మా ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఈడ దుకాన్లన్ని బంద్ ఉన్నయే. నువ్వు చీరల ఊర్ల ఉండి మాకు చీరలు లెవ్వాయె!"

ఆ మాట నన్ను పట్టుకుంది. వాట్సాప్‌లో చీరలు చూపించి ఊరికి పంపితే? మా ఆయన బజారుకు వెళ్ళి చిన్న లాట్ తెచ్చాడు. వీడియోలో కనిపించడానికి నాకు సిగ్గు. అందుకని ఆయన చీర పట్టుకుని మడతలు విప్పుతుంటే నేను ఫోన్ పట్టుకున్నాను. చేతులు మాత్రమే కనబడేలా.

గ్రూపులో మా పెద్దమ్మ కోడలు వాయిస్ మెసేజ్ పెట్టింది. "చీర మంచిగనే ఉన్నది గని, ఆ చేతులు ఎవలియే?"

"మా ఆయనయి."

"అయ్యో, నీకు మొగడున్నడా? పెండ్లినాడు సూసుడే, మల్ల సూడలే!"

"నేను గూడ ఇప్పుడిప్పుడే సూస్తున్న," అన్నాను. వెనక నుంచి ఎవరో ముక్కుతో నవ్వారు. తిరిగి చూస్తే మా ఆయన గంభీరంగా చీర మడత పెడుతున్నాడు.

చీరలన్నీ అమ్ముడుపోయాయి. పార్సిల్ చేరిన రోజు నేను సంతోషంతో పరమాన్నం వండాను. అది చల్లారకముందే మా అమ్మమ్మ ఎల్లవ్వ ఫోన్.

"ఏందే పిల్లా గిది? చీరనా, తువ్వాలనా?"

"ఏమైందమ్మమ్మా?"

"గోచి పెడితె కొంగు లేదు, కొంగేస్తె గోచి లేదు! నేనొక్కదాన్నే గాదు, వాడకట్టు ముసలోళ్ళందరు నా మీద పడ్డరు."

నెత్తి కొట్టుకున్నాను. సూరత్ చీరలన్నీ ఒకటే పొడవుకు కోస్తారు. కుచ్చిళ్ళు పెట్టుకునేవాళ్ళకు అది సరిపోతుంది. గోచీ పెట్టుకునే ముసలవ్వలకు ఇంకా పొడవు కావాలి. చిన్నప్పటి నుంచి అమ్మమ్మ గోచీ పట్టుకుని తిరిగినదాన్ని, ఆ సంగతే మరిచాను.

"వేదూ, అమ్మ యాపారం అయిపోయిందని బాపుకు చెప్పు," అని మూలకు కూర్చున్నాను.

 మా ఆయన పాపను ఒళ్ళోకి తీసుకున్నాడు. "వేదూ, మగ్గం మీద దిగేటప్పుడు బట్టకు కొలత ఉండదని అమ్మకు చెప్పు. చుట్ట చుట్టుకుంట వస్తనే ఉంటది. ఎంత పొడుగు గావాల్నో కోసేటోడు చెప్తడు. గా కోసేటోళ్ళం మనమే అయితే?"

నేను తల ఎత్తాను.

మర్నాడే ఆయన బట్ట కోసం తిరిగాడు. ఒక ప్రింటింగ్ మిల్లులో, ఆర్డర్ ఇచ్చినవాళ్ళు తీసుకోక పడి ఉన్న సన్నపూల కాటన్ దొరికింది. కోయని చుట్ట. దాన్ని ఇక్కడ తాకా అంటారు. మొదటి చీరల మీద వచ్చిందంతా దాని మీదే పెట్టాం. ఇది పోతే ఇక ఏమీ లేదు.

ఎంత పొడవు కోయాలో తేలాలి కదా. వీడియో కాల్‌లో ఎల్లవ్వను కూర్చోబెట్టాను.

"అమ్మమ్మా, ఎట్ల కట్టాల్నో చెప్పు. నేను కట్టుకుంట."

"నువ్వు కట్టుకుంటె ఎన్కకు గోచి నీకెట్ల కనవడ్తదే? మీ ఆయనకు కట్టు. మనిషి నా తీర్గనే బక్కగ, పొడుగ్గున్నడు."

"నాకా?" మా ఆయన తలుపు వైపు చూశాడు. తలుపుకు నేను అడ్డంగా ఉన్నాను.

"వేదూ, బాపును కదలకుమను."

"వేదూ, గీ సంగతి కార్ఖానల తెలిస్తె నా ఇజ్జత్ పోతదని అమ్మకు చెప్పు!"

"ఏందే," ఫోన్‌లోంచి ఎల్లవ్వ కసిరింది, "ఎదురుంగ నిలవడి పోరితోటి మాట్లాడిపిస్తున్నరు? మీ నడుమ గోడేమన్న ఉన్నదా? కానియ్, నడుముకు చుట్టు!"

బయట వాన జోరందుకుంది. బట్టను నడుము చుట్టూ తిప్పాలంటే రెండు చేతులూ చాచి మనిషిని చుట్టాల్సిందే. పగటి వెలుతురులో ఆయన అంత దగ్గరగా ఉండడం అదే మొదలు. ఎడమ కనుబొమ్మ కింద చిన్న మచ్చ ఉంది. కొత్తదేమీ కాదట, పుట్టినప్పటి నుంచీ ఉందట.

"గట్ల సూస్తున్నవేంది?" అన్నాడు మెల్లగా. ఈసారి పాప పేరు పలకలేదు.

నాకే ధైర్యం చాలలేదు. "వేదూ, కొలత సూస్తున్నమని చెప్పు," అన్నాను. చెవులు కాలిపోయాయి.

ఎల్లవ్వ తిప్పమన్నట్టల్లా ఆయన తిరిగాడు. గోచీ కుదిరింది, కొంగు భుజం దాటింది. ఎనిమిది గజాల మీద ఇంకొంచెం. సుద్దముక్కతో గీత పెట్టాను. కొంగుకు వేరే రంగు అంచు కుట్టి, మా ఆయనకే కట్టి, మెడ కింద నుంచి వీడియో తీసి పంపాం. నాలుగు ఊళ్ళ ముసలవ్వలకు మా ఆయన నడుము తెలిసిపోయింది. "ఆ బక్క పిల్ల కట్టుకున్న చీరనే గావాలె" అని ఫోన్లు. ఆయన బట్ట కోసేవాడు, నేను కుట్టేదాన్ని, వేదు ముక్కలన్నీ నెత్తికి చుట్టుకునేది.

ఇంత మంచిగా ఉందంటే నాకు భయమేయదా? సంతోషం పైకి చెబితే దిష్టి తగులుతుందని మా ఇంట్లో అంటారు. పిల్ల బొద్దుగా ఉంటే "ఎక్కడ, పుల్లలాగుంది" అనాలి. పక్కింటి వజ్రమ్మ ఒకరోజు గుమ్మంలో పట్టుకుంది.

"మీ ఆయన దినమంత ఇంట్లనే ఉంటున్నడు. నీకు పండుగేనాయె!"

దిష్టి అంతా కళ్ళ ముందు తిరిగింది. గబగబా అనేశాను. "ఏం పండుగక్కా! మనిషి ఇంట్లుంటె పని తెమలది. మగ్గాలు ఎప్పుడు నడుస్తయో, ఎప్పుడు పోతడో అని ఎదురుసూస్తున్న."

ఆ సాయంత్రమే సేటు ఫోన్ చేశాడు. సోమవారం నుంచి మగ్గాలు నడుస్తాయట, రాత్రి పాళీకి రమ్మని. నేను అంచు కుడుతూనే చెవి అటు పెట్టాను. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"హా సేట్. ఆ జావుంగా." వచ్చేస్తానని.

సూది వేలికి గుచ్చుకుంది. "వేదూ, బాపు పోతడట," అన్నాను.

"వేదూ, అమ్మకు పని తెములుతదని చెప్పు," అన్నాడు గోడవైపు చూస్తూ.

నాకు అర్థం కాలేదు. చీరలు కట్టించి, వీడియోలు తీసి ఆయన పరువు తీశాననుకున్నాను. నాతో విసిగిపోయాడు, అందుకే పిలవగానే ఒప్పుకున్నాడు. నాకు అలాగే తోచింది. ఆయనేమో తాను వెళ్ళాక నాకు కోత పని మిగలకూడదన్నట్టు ఉన్న బట్టంతా కోసి పేర్చాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు. వేదుకు కూడా పని లేకుండా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం వాన. వేదు నిద్రపోయింది. ఆయన కార్ఖానా చొక్కా తీసి దులుపుతున్నాడు. మధ్యలో పిలవడానికి ఎవరూ లేరు.

"మా మొఖం సూసి ఇసుగొచ్చిందా?" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు, ఎవరితో అంటున్నానా అని. "నన్నేనా?"

"మల్లెవల్ని? సేటు అడుగుడు ఆలిశం, హా అంటివి!"

"నువ్వే గదా ఎదురుసూస్తున్న అంటివి? వజ్రమ్మక్కతోటి. మెట్ల మీద పార్సిల్ మోసుకుంట ఇన్న. ఎప్పుడు పోతడో అని."

 నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అది దిష్టి మాట!"

"ఏంది?"

"మంచిగున్నమని చెప్తె దిష్టి తగుల్తదని! వేదును పుల్లలెక్కున్నదని అంటలేనా? గట్లనే నిన్ను గూడ అన్న."

ఆయన చొక్కా కింద పెట్టాడు. "అంటె... ఎంత తిడితె గంత మంచిగున్నట్టా?"

"గంతే."

"గట్లయితె ఇంకోటి తిట్టు."

"పనికిమాలినోడా."

పడీ పడీ నవ్వాడు. పాప కదిలేసరికి నోరు మూసుకుని, నా పక్కన బట్టల చుట్ట మీద కూర్చున్నాడు. "నాకు మగ్గాల సప్పుడు తప్ప ఏం తెల్వకుండె. నువ్వు నవ్వితె ఎట్లుంటదో గిప్పుడే ఇన్న. మల్ల పోతె మర్సిపోతనని బుగులైంది. నువ్వే పొమ్మంటున్నవ్ గదా అని ఒప్పుకున్న."

బుగులు నా ఒక్కదానిదే అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే గదిలో ఇంకొకరు కూడా అదే భయం మోస్తున్నారన్నమాట.

"పోకు," అన్నాను. "గని, గీ చీరలతోటి బతుకుతమా?"

"తెల్వది. బతుకమ్మ దాక సూద్దాం. నడువకపోతె పగటి పాళీ ఎక్కడన్న అడుగుత. రాత్రికి మాత్రం పోను."

సేటుకు ఫోన్ చేశాడు. జాగా పోతుందని సేటు అరవడం నాకూ వినిపించింది. "జానే దో సేట్" అన్నాడు, పోతే పోనీ అని. నేను ఆయన చేయి పట్టుకున్నాను.

బతుకమ్మకు ముసలవ్వలు మమ్మల్ని ముంచెత్తారు. ఆ తర్వాత మళ్ళీ కొంచెం తగ్గింది, మళ్ళీ లేచింది. ఇప్పటికీ నెల చివర అద్దె డబ్బులు రెండుసార్లు లెక్కపెడతాం. గదిలో సగం తాకాలే ఉన్నాయి, మిగతా సగంలో మేం. మా ఆయన ఎంత పనికిమాలినవాడో చెప్పాలంటే ఈ కాగితాలు చాలవు.

కానీ మా ఆయన వదిలేసిన రాత్రి పాళీ జాగా ఖాళీగా ఉండిపోలేదు. మంథని వైపు నుంచి వచ్చిన పరమేశ్ అందులో చేరాడు. కొత్తగా పెళ్ళయింది, భార్య పేరు లత. భేస్తాన్ పక్కనే ఉన్ అనే పేటలో గది తీసుకున్నారు. లతకు హిందీ రాదు, గుజరాతీ రాదు. ఒకసారి వాళ్ళమ్మమ్మకు చీర కొనడానికి మా ఇంటికి వచ్చింది. "మంచిగనే ఉన్న వదినా, గోడలతోటి ముచ్చట పెడుతున్న" అని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

రెండుసార్లు వెళ్ళి వచ్చాను. ఇప్పుడు మళ్ళీ కరోనా పెరిగింది, వేదుకు దగ్గు, గడప దాటాలంటే భయం. ఫోన్ చేస్తే లత ఎత్తదు. పరమేశ్ నిద్ర చెడుతుందని చప్పుడు ఆపేసి పెడుతుంది.

మీలో ఎవరైనా ఉన్‌లో ఉంటే, మాస్కు కట్టుకుని ఒకసారి ఆ పిల్లను చూసి రండి. పగలు తలుపు గట్టిగా కొట్టకండి, పరమేశ్ పాళీకి వెళ్ళాక వెళ్ళండి. "ఎట్లున్నవ్ చెల్లే" అని మన భాషలో అడగండి. "మంచిగనే ఉన్న" అంటుంది. ఆ మాట విని లేచి రాకండి, గుమ్మంలోనే ఇంకాసేపు కూర్చోండి.