దగ్గిన జొన్నచేను

నెక్కొండ దాటి పడమటికి పోతే ఒక వాగు, వాగొడ్డున నలభై గడపల పల్లె. పొద్దుగూకినంక అటు మోటరు బండి పోయిందా... గుడిసెల్ల దీపాలు వెలుగుతనే ఉంటయి, పొయ్యిలు మండుతనే ఉంటయి. మనిషి మాత్రం ఒక్కడు కనపడడు.

మాకు ఈ సంగతి చెప్పింది రైలు స్టేషన్ కాడ చాయ్ హోటల్ నడిపే పెద్దులు. పగలు మామూలు మనుషులేనట, మోటరు సప్పుడు వింటే మాయమైతరట. ఒక లారీ డ్రైవరు నీళ్లకని దిగి, మనిషి లేని ఇంట్ల ఉడుకుతున్న కుండను చూసి, బండి తిప్పే ధైర్యం గూడ లేక మూడు మైళ్లు రివర్సుల వచ్చిండట.

"చీకటి పడకముందే వాగు దాటుండ్రి అన్నా," అన్నడు మెల్లగ.

నేను నవ్విన. దయ్యాలే నన్ను చూసి తోవ ఇస్తయని చెప్పిన. అప్పుడు నా ఛాతీ నలభై నాలుగు అంగుళాలు. నలభై ఆరు గూడ కావచ్చు.

అది డెబ్బై ఆరు. ఎమర్జెన్సీ రోజులు, చలికాలం. నా దోస్తు మల్లికార్జున్ కొండలెక్కుడు కోర్సు చేసి వచ్చిండు. తాడు కట్టుకొని నిలువు బండల మీద బల్లి లెక్క పాకేటోడు. ఇక్కడి గుట్టలతో మొదలుపెట్టి, దొరికిన బండనల్ల ఎక్కుకుంట, మూడు నెలల్ల ఇద్దరం హిమాలయాలకు చేరాలె. ఇల్లు, వాకిలి, వంటిల్లు... అన్నీ ఒక వ్యాన్.

ఆ వ్యాన్ ఎంచిన మొనగాణ్ని నేనే. మట్టెవాడ బజార్ల మూడు పాత బండ్లు చూసినం. మొదటిది మిర్చి బస్తాలు మోసిన బండి. లోపల కూసున్న ఐదు నిమిషాలల్ల ముప్ఫై తుమ్ములు తుమ్మినం. రెండోదాంట్ల మల్లికార్జున్ పండుకుంటే మోకాళ్ల కింది భాగమంత బజార్ల ఉన్నది. మూడోది సర్కారు వేలంల వచ్చిన తెల్ల బండి. ఇంజన్‌కు ఒక్క చెవి ఆనిచ్చి, ఇదే అన్న. నా భార్య సరోజన పరదాలు కుట్టి, రెండు జంపఖానాలు పరిచింది. మేడమెట్లు ఎక్కితే ఆయాసపడేటోడు హిమాలయం ఎక్కుతడట అని వాడంత వినేటట్టు అన్నది.

పదకొండు రోజులు ఆ డబ్బాలనే కాపురం. వత్తుల స్టవ్ మీద అన్నం, బోరింగు కాడ స్నానం. ఇద్దరి సాక్సుల వాసనకు దోమలు గూడ లోపలికి రాలే.

పన్నెండో రోజు వాగు అవతలి గుట్ట. ఇరవై తాటిచెట్ల ఎత్తు. సగం నేను ఒంటిచేత్తోనే ఎక్కిన. మిగిలిన సగం మల్లికార్జున్ ఎక్కుతుంటే... పొద్దు గుంకే యాళ్లకు, చెయ్యి పెట్టిన రాయి ఊడి కింద పడ్డడు.

తొడ బొక్క బయటికొచ్చింది.

గాయానికి పైన తాడుతో బిగించి కట్టిన. భుజాన ఏసుకొని వ్యాన్ దాక మోసిన. ఎంత దూరమని అడగకుండ్రి, ఆ ఒక్కటి నాకు యాదికి లేదు.

"కట్టు ఎక్కువసేపు ఉంటే కాలు పోతది," అన్నడు వాడు. "తీస్తే పాణం పోతది. రాత్రికి రాత్రే దవాఖానకు చేరాలెరా."

వాగుల సగం దాటినం. ఎనక చక్రాలు ఇసుకల దిగబడ్డయి.

పది మంది తోస్తే లేస్తది. ఊరు పక్కనే ఉన్నది. ఉరికిన.

మొదటి ఇంట్ల కందిలి వెలుగుతాంది. రెండో ఇంట్ల పెనం మీద రొట్టె మాడుతాంది. మూడో ఇంట్ల పళ్లెంల సగం తిన్న అన్నం... చెయ్యి గుర్తులు ఇంక అట్లనే ఉన్నయి.

పిలిచిన. ఎవ్వరూ పలకలే.

మళ్ల పిలిచిన.

వాగు పక్కన జొన్నచేను... దగ్గింది.

నిలబడ్డ కాడనే నిలబడ్డ. గాలి లేదు, చేను మాత్రం కదులుతాంది. గాజుల సప్పుడు. ఎన్కనే పసిపిల్ల ఏడుపు ఒక్కసారి లేచి — నడిమిట్ల తెగిపోయింది. కత్తితోని కోసినట్టు.

ఎట్ల వచ్చిన్నో తెల్వదు. వ్యాన్ల ఉన్న. తలుపు గొళ్లెం పెట్టిన. లైట్లు ఆర్పిన.

"అది పసిపిల్లరా," అన్నడు మల్లికార్జున్ చీకట్ల. "మనుషులే. పో, చేన్లకు పోయి పిలువు."

నేను కదలలే. రెండుసార్లు చెప్పిండు. మూడోసారి చెప్పలే.

తెల్లారింది. చేను విచ్చుకొని ఒక ముసలవ్వ బయటికొచ్చింది. పేరు లచ్చవ్వ. కట్టె పొడుచుకుంట వచ్చి అద్దంల నుంచి లోపలికి చూసింది... నెత్తురును, తాడును, వాని మొఖాన్ని. తరువాత మంచుకు తడిసిన తలుపును కొంగుతోని తుడిచింది. చౌక తెల్ల పెయింటు కిందినుంచి ఎర్ర ముక్కోణం తేలింది. కుటుంబ నియంత్రణ గుర్తు.

"గిసోంటి బండిలనే మా మనుమడు కట్టయ్యను ఎత్తుకపోయిన్రు బిడ్డా," అన్నది. "పెండ్లి గూడ గాలే వానికి. పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ జేసి మూడో నాడు దించిపోయిన్రు. అప్పటిసంది మోటరు సప్పుడైతే ఊరంత చేన్లనే."

కట్టెను బండికి ఆనిచ్చి నా దిక్కు తిరిగింది.

"నువ్వు పిలిచినవ్. అందరం విన్నం. పిల్ల నోరు మూసింది నేనే."

చేన్లకెంచి మొగోళ్లు ఒక్కొక్కరే లేచిన్రు. ఒక్క తోపుకే బండి ఒడ్డెక్కింది.

దవాఖానల కాలు తీసేసిన్రు. రాత్రికి రాత్రే తెస్తే ఉంచేటోళ్లమని డాక్టర్ అన్నడు. నాకు ఏడుపు రాలే. ఏమీ రాలే. చాయ్ ఇస్తే తాగిన.

ఈ కథ నేను ఎన్నో పెండ్లిళ్లల్ల, ఎన్నో అరుగుల మీద చెప్పిన. మొన్న చెప్తుంటే మల్లికార్జున్ పక్కనే ఉన్నడు, చంకకర్ర గోడకు ఆనిచ్చి. ఎవరో పిలగాడు అడిగిండు, వ్యాన్‌కు చేను ఎంత దూరమని.

పర్లాంగు ఉంటదని చెప్పిన. చీకటి, ముండ్లు, నడుమ మోకాలు లోతు నీళ్లు అని గూడ చెప్పిన.

"ఇరవై అడుగులు," అన్నడు మల్లికార్జున్.