అబద్ధం చెప్పే గడియారం

ఫౌండ్రీ నెట్‌వర్క్ ఇంజనీరు నిచ్చెన మీంచి జారిపడి చనిపోయాడని కంపెనీ ప్రకటించింది. ఎత్తు చూస్తేనే కళ్ళు తిరిగే తన భర్త జన్మలో నిచ్చెన ఎక్కలేదని అతని భార్య నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆవిడ మాట చెవిన పెట్టింది గూఢచారి విభాగం నడిపే పెద్దాయన ఒక్కడే.

మర్నాడే డ్రైక్లీనింగ్ షాపు వెనకగదికి ఆయన తన ఏజెంటును పిలిపించాడు. విభాగంలో ఆమె పేరు సూది.

“పోత హాల్లో క్రేను, కరిగిన ఇనుము వంపే లాడిల్, అచ్చుల బండి మూడూ ఒకే ఈథర్‌నెట్ లైను మీద నడుస్తాయి. మాస్టర్ క్లాక్ చెప్పిన క్షణానికే కదులుతాయి. సిగ్నల్ అందకపోతే?”

“బ్రేకులు పడి ఎక్కడివక్కడ ఆగిపోతాయి.”

“క్లాకే అబద్ధం చెబితే?”

“ఆగవు. అంతా బాగానే ఉందనుకుని వేళకాని వేళ కదులుతాయి.”

“విదేశీ ముఠా అక్కడ దొంగ క్లాక్ పెట్టింది. అడ్డొచ్చాడని ఇంజనీరును చంపింది. రేపు మార్నింగ్ షిఫ్టులో ఇనుము పడేది అచ్చులో కాదు, మనుషుల మీద. అది చూపించి దేశంలో ప్రతి ఫ్యాక్టరీనీ బెదిరిస్తారు.”

“ఆ షిఫ్టు ఇన్‌చార్జి మా బావ.”

“తెలుసు. వాళ్ళకి అనుమానం రాకూడదు, షిఫ్టు ఆగకూడదు. లోపల మన మనిషి ఉంది. కన్సల్టెంటు. కోడ్ నేమ్ ముత్యం.”

పొద్దున్నే కేబుల్ కంపెనీ యూనిఫాంలో వచ్చిన సూదిని చూసి బావ పళ్ళికిలించాడు.

“ఏం మరదలా, ఇలా ఊడిపడ్డావ్? నేను టిఫిన్ తిన్నానో లేదో చూసి రమ్మందా మీ అక్క?”

“తిన్నట్టు కనపడుతోందిగా, చొక్కా గుండీలు చెబుతున్నాయి. బావా, ఇవాళ ఆ లాడిల్ దగ్గర నిలబడకు.”

“మరెక్కడ నిలబడను, మీ అక్క కొంగు పట్టుకునా? వెళ్ళు, నీ వైర్లేవో చూసుకో.”

కంట్రోల్ రూంలో నూనె కంపును మించి సెంటు గుబాళిస్తోంది. మెడలో ముత్యాలు, కాళ్ళకు హైహీల్స్. ఆ అందగత్తె కిటికీ వైపు చూస్తూ అంది, “వాన వచ్చేలా ఉంది.”

“గొడుగు ఇంట్లో మర్చిపోయాను.”

కోడ్ సరిపోయింది. ముత్యం క్యాబినెట్ తెరిచింది. “పై అరలోది దొంగ క్లాక్. దాని కేబుల్ లాగెయ్. కింద ఉన్న అసలుది వెంటనే పని అందుకుంటుంది. త్వరగా!”

పౌడరు డబ్బాలో దాచిన టెస్టరు రెండు క్లాకులూ సవ్యమేనంది. సూది పై కేబుల్ పట్టుకుంది. వేళ్ళు నల్లబడ్డాయి. పై పెట్టె మీద ఇనుప నుసి మందంగా పేరుకుని ఉంది. కింద పెట్టె అద్దంలా మెరుస్తోంది. పూటకోసారి తుడిచినా నల్లబడే గదిలో అదొక్కటే ఎలా మెరుస్తోంది?

“కింద పెట్టె ఎవరు తుడిచారు?”

ముత్యం నవ్వింది. “శుభ్రంగా ఉంటే నేరమా?”

“ఈ గదిలో నేరమే. వేలిముద్రలు చెరపబోయి నుసి కూడా తుడిచేశారు. కొత్తగా పెట్టింది ఇదే. దొంగ క్లాక్ ఇదే.”

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది. “తెలివైనదానివే. అయితే నేనే తీస్తాలే.”

ఆమె ఎడంచేత్తో పై కేబుల్ లాగేసింది. స్క్రీన్ మీద ఒక్క ఎర్రదీపమూ వెలగలేదు. అంతా పచ్చగా, ప్రశాంతంగా ఉంది. కిటికీ అవతల మాత్రం, అచ్చుల బండి ఇంకా రాకుండానే లాడిల్ వంగడం మొదలుపెట్టింది. దాని ముందు బావ, వీపు ఇటు తిప్పి, ఎవరినో కేకలేస్తున్నాడు.

సూది క్యాబినెట్ తలుపును పిస్టల్ పట్టుకున్న ముత్యం మణికట్టు మీదికి ధడాలున తోసింది. పిస్టల్ కింద పడింది. ఏ క్లాకు కేబులూ పట్టించుకోకుండా, హాల్లోకి వెళ్ళే లావుపాటి లైనును కట్టర్‌తో తెంపేసింది.

సిగ్నల్ పోయింది. హాల్లో అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. లాడిల్ అంచున వేలాడిన నిప్పుచుక్క ఒకటి బావ బూటు పక్కన పడి చిటపటలాడింది.

గార్డుల వేషంలో ఉన్న పెద్దాయన మనుషులు ముత్యాన్ని పట్టుకుపోయారు. వెనకే బావ రొప్పుతూ వచ్చాడు, మొహం ఎర్రగా కందిపోయి.

“లైను కోసింది నువ్వా? లాడిల్ నిండా ఇనుము గడ్డకట్టుకుపోతోంది! చేతకానిదానివి ఈ ఉద్యోగంలో ఎందుకు చేరావమ్మా?”

“పొరపాటైపోయింది బావా.”

“నాకు చెప్పకు. మీ అక్కకి ఫోన్ చేస్తానుండు.”

పిస్టల్ ముందు చెక్కుచెదరని సూది, “అక్కకి మాత్రం వద్దు బావా!” అంటూ అతని చేతిలో ఫోన్ పట్టేసుకుంది.