గడుగ్గాయి పాట ఎవరు పాడాలి?

ట్యూన్ అదిరిందని సంగీత దర్శకుడు తనకు తానే శభాష్ చెప్పుకుంటుండగా, వెనక గోడ దగ్గర ఎవరో బరబరా రుద్దుతున్న చప్పుడు వినిపించింది.

తిరిగి చూస్తే ఒకమ్మాయి. చేతిలో రబ్బరు. మొదటి పాటకి షాటు షాటుకీ పెన్సిల్‌తో వేసి గోడకి అంటించిన బొమ్మల్లో హీరోయిన్ నోరు ఒక్కొక్కటే మాయమైపోతోంది.

"హలో! ఏం చేస్తున్నారండీ?"

"కనబడటం లేదా? నోరు మూయిస్తున్నాను."

"ఎవరిది?"

"ప్రస్తుతానికి గడుగ్గాయిది. మీ సంగతి తర్వాత చూద్దాం."

అతనికి ఇది మొదటి సినిమా. అంతకుముందు సబ్బులకీ ఫ్యాన్లకీ ప్రకటనల పాటలు కట్టి బతికాడు. అందుకని గొంతు దాకా వచ్చిన కోపాన్ని బుద్ధిగా మింగేశాడు.

"నోరు లేకపోతే పాటెలా పాడుతుందండీ?"

"పాడదు. మాట్లాడదు కూడా. మీరసలు ఆ కామిక్ స్ట్రిప్ చదివారా?"

"చదవకుండా ట్యూన్ కడతానా? పుస్తకం మొత్తం తిరగేశాను. పాత పేపర్ల ప్రింటింగ్ కదా, నోరు సరిగ్గా పడలేదనుకున్నా."

ఆ అమ్మాయి ఎడమ కనుబొమ్మ మెల్లగా పైకి లేచింది.

"ఇన్నేళ్ళూ, ప్రతి ఆదివారం, ఆ ఒక్క నోరే పడలేదా? మిగతా అందరికీ పడిందా?"

"అంటే..."

"కుక్కక్కూడా పడిందండీ!"

అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీర్ నవ్వాపుకోలేక బల్ల కిందికి దూరాడు. పప్పులో కాలేశానని సంగీత దర్శకుడికి అప్పటికి అర్థమైంది.

గడుగ్గాయి అంటే ఆదివారం పేపర్లో వచ్చే బొమ్మల కథలో టైలర్ షాపు పిల్ల. రెండు జడలేసుకుని, వీధిలో అందరి పనుల్లోనూ వేలు పెడుతుంది. అన్నీ కనుబొమ్మలతోనూ చేతులతోనూ చెబుతుంది. దాన్ని సృష్టించిన కార్టూనిస్టు ఈ అమ్మాయి తండ్రి. ఆయన పెన్సిల్‌తో గీస్తే, ఇంకు దిద్దేది ఈమె.

సినిమాకి ఆయన ఒప్పుకున్నది ఒకే ఒక్క షరతు మీద. మొదటి పాట షూటింగ్‌ని భార్యతో కలిసి వచ్చి కళ్ళారా చూస్తారు. నచ్చకపోతే గడుగ్గాయిని వెనక్కి తీసుకెళ్ళిపోతారు. గడుగ్గాయి లేకపోతే సినిమా లేదు.

యూనిట్ అంతా అక్కా అని పిలిచే డైరెక్టర్ ఆ గోడనీ, ఇద్దరి మొహాల్నీ చూసి ఒక్క మాటలో తేల్చేసింది.

"ఇద్దరూ కూర్చుని కొట్టుకుంటారో తిట్టుకుంటారో నాకనవసరం. నెలాఖరుకి పాట కావాలి. వాళ్ళు కాదన్నారంటే అందరం ఇంటికే."

కూర్చున్నారు. తిట్టుకున్నారు కూడా.

"మైండ్ వాయిస్ పెడదామండీ, రబ్బరు గారూ. నోరు కదలదు, పాట వస్తుంది."

"మొహం మీద పెట్టే నోరు తల లోపల పెడతానంటున్నారు, అంతేగా హైపిచ్ గారూ?"

"పోనీ కుక్క చేత పాడిద్దామా?"

"భేషుగ్గా ఉంటుంది. మీ మొదటి సినిమా, ఆఖరి సినిమా ఒకటే అయిపోతుంది."

ఇలా రోజూ మాటకి మాట విసురుకుంటూనే, ఆమె రాకపోతే గదిలో ఏదో తగ్గినట్టుందని అతను గమనించడం మొదలుపెట్టాడు. ఆమె చెవి దగ్గర ఎప్పుడూ ఒక ఇంకు చుక్క ఉండేది. చెప్తే తుడుచుకుంటుందని చెప్పలేదు. ప్రేమలో పడ్డవాడి తెలివి అలాగే ఉంటుంది.

కానీ నెలాఖరు దగ్గరపడుతోంది. ఒక మధ్యాహ్నం విసుగెత్తి అనేశాడు.

"ఏంటండీ మీ పట్టుదల? ఒక్క నోరేగా!"

ఆమె చేతిలోని రబ్బరు బల్ల మీద పెట్టేసింది. మొహం చిన్నబుచ్చుకుని గొడుగు తీసుకుంది.

"నాతో మా ఇంటికి రండి."

బయట వాన దంచి కొడుతోంది. గొడుగు ఒక్కటే. మధ్యలో మూరెడు ఎడం ఉంచుకోవాలని ఇద్దరూ నిజాయితీగానే ప్రయత్నించారు. వాన ఒప్పుకోలేదు. వీధి మలుపు తిరిగేసరికి అతని కుడి భుజమూ ఆమె ఎడమ భుజమూ తడిశాయి, మిగతా భుజాలు ఆనుకుని వెచ్చగా ఉన్నాయి.

తలుపు తీసింది వాళ్ళమ్మ. తడిసిన ఇద్దరినీ చూసింది. గొడుగుని చూసింది. రెండు కనుబొమ్మలూ ఎగరేసి, బుగ్గ మీద వేలు పెట్టుకుంది.

"తడిసి ముద్దయ్యారేంటి అంటోంది!" లోపల్నుంచి పెద్దాయన కేక.

"కాదు నాన్నా, ఇంత చిన్న గొడుగేంటి అంటోంది!"

వాళ్ళమ్మ వేలి కణుపుతో తలుపు మీద టక్ టక్ మని కొట్టింది. రెండూ తప్పే. తర్వాత అతన్ని చూసి, కూతుర్ని చూసి, చేతులు ఒక విధంగా తిప్పింది. కూతురి చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమన్నారు?" అడిగాడతను.

"ఏంలేదు. టీ తాగుతారా అని."

టక్ టక్! ఈసారి కూతురి వీపు మీద. పెద్దాయన పగలబడి నవ్వాడు.

ఆవిడకి పుట్టినప్పట్నుంచీ మాటలు రావు. అయినా ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడేది ఆవిడే అని అతనికి కుర్చీలో కూర్చునేలోపే తెలిసిపోయింది. ఆవిడ ఒకటి చెప్పడం, తండ్రీకూతుళ్ళు పోటీలు పడి తప్పు చెప్పడం, టక్ టక్, మళ్ళీ మొదలు.

"ఈవిడ మాట నేనెప్పుడూ తప్పే చెప్పేవాణ్ణి బాబూ. దిద్దీ దిద్దీ, ఇక లాభం లేదని పెళ్ళి చేసుకుంది," అన్నాడు పెద్దాయన. నవ్వుతూనే గొంతు తగ్గించాడు. "గడుగ్గాయికి నోరు పెడితే బాగుంటుందని చాలామంది చెప్పారు. బాగు చెయ్యడానికి అక్కడ చెడిందేముందయ్యా?"

అతనికి సిగ్గేసింది. ఒక్క నోరేగా అన్న తన మాట తనకే చెంపపెట్టులా తగిలింది. తలొంచుకుని కూర్చున్నవాడు కాస్తా, కాసేపటికి తన వేళ్ళు బల్ల మీద దరువేస్తున్నాయని గమనించాడు. ఒక ప్రశ్న, రెండు తప్పు జవాబులు, టక్ టక్.

"దొరికింది!" అని అరిచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వానలోకి పరుగెత్తాడు.

షూటింగ్ రోజు సెట్టు మీద వీధి వీధంతా సిద్ధంగా ఉంది. టైలర్ షాపు, దాని ముందు ఇస్త్రీ అతను, పేపర్లు వేసే అతను, మేడ మీద ఇంటి ఓనరు. కెమెరా వెనక రెండు కుర్చీల్లో పెద్దాయన, ఆయన భార్య. పెద్దాయన చేతులు కట్టుకుని రాయిలా కూర్చున్నాడు.

"యాక్షన్!" అంది అక్క.

గడుగ్గాయి కనుబొమ్మ ఎగరేసి చేతులు తిప్పింది. చొక్కా ఇస్త్రీ చెయ్యమంటోందని ఇస్త్రీ అతను పాడాడు. కాదు, అద్దె తర్వాత ఇస్తానంటోందని ఇంటి ఓనరు రాగం తీశాడు. గడుగ్గాయి కత్తెరతో బల్ల మీద టక్ టక్ కొట్టింది. వాయిద్యాలన్నీ టక్కున ఆగిపోయాయి. మళ్ళీ సైగ, మళ్ళీ వీధంతా పోటీలు పడి తప్పుడు పాట, ప్రతిసారీ మునుపటి కంటే జోరుగా.

మూడోసారి టక్ టక్ రెండు చోట్ల వినబడింది.

ఒకటి సెట్టు మీద. ఇంకోటి కెమెరా వెనక. అమ్మగారు కుర్చీ అంచున కూర్చుని, లైట్ల పెట్టె మీద కణుపులతో కొడుతూ, కాదు కాదని గట్టిగా తలూపుతోంది. హీరోయిన్ నటన మరిచిపోయి ఆవిణ్ణి చూస్తూ నవ్వేసింది. అక్క కట్ చెప్పలేదు. లైట్ల వాళ్ళూ మేకప్ వాళ్ళూ గొంతు కలిపారు. చివరికి అందరికీ ఒక్కసారే అర్థమై, ఈ వీధి నాది, మీరంతా నావాళ్ళంటోందని పై స్థాయిలో ఎత్తుకునేసరికి గడుగ్గాయి బల్లెక్కి గంతులేసింది. సెట్టు దద్దరిల్లింది.

"కట్!"

అందరి చూపులూ పెద్దాయన మీదే.

"నన్ను చూస్తారేంటి? ఆవిణ్ణి అడగండి," అన్నాడాయన. కళ్ళు తడిగా ఉన్నాయి.

అమ్మగారు లేచి నిలబడి రెండు చేతులూ తలపైకెత్తి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత చెలరేగిన ఈలల్లో అక్క ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ గోలలో అతను ఆమె పక్కకి చేరాడు.

"రబ్బరు గారూ, ఇంకా ఏమైనా చెరపాలా?"

"ఒకటుంది. ఆ గారు."

అతను వెంటనే చెరిపేశాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. నువ్వు రాని రోజు ఒక్క ట్యూనూ సరిగ్గా రావడం లేదు."

"నాకూ ఇష్టమే. లేకపోతే ఆ కుక్క పాట సంగతి విన్న రోజే పారిపోయేదాన్ని."

తలెత్తేసరికి ఎదురుగా వాళ్ళమ్మ. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చేతులు తిప్పింది. యూనిట్ మొత్తం చుట్టూ మూగింది.

"ఏమందో నువ్వే చెప్పవోయ్," అన్నాడు పెద్దాయన.

"మీ అమ్మాయిని... బాగా చూసుకోమంటున్నారు."

టక్ టక్. అతని భుజం మీదే.

"పాట బాగుందంటున్నారు?"

టక్ టక్.

అతను ఈసారి తొందరపడలేదు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. మళ్ళీ చెప్పమన్నట్టు చెయ్యి చాపాడు. ఆవిడ నెమ్మదిగా, విడివిడిగా చెప్పింది.

"పెళ్ళి మాట నన్నే అడగమంటున్నారు," అన్నాడు. "అందరి ముందూ."

భుజం మీద దెబ్బ పడలేదు. అతను పక్కకి చూస్తే, ఆమె నవ్వుతూ తలూపింది.

"మేమిద్దరం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నామండీ. మీకిష్టమేనా?"

పెద్దాయన ఏదో అనబోయాడు. ఆవిడ ఒక చేత్తో ఆయన నోరు మూసి, కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసి, తల నిండుగా ఊపింది.

మేడ మీది ఇంటి ఓనరు దగ్గర్నుంచి సౌండ్ ఇంజనీర్ దాకా సెట్టంతా ఒకే గొంతుతో అరిచింది: "సరేనంటోంది!"