మొరాయించే వాచీ

సోమవారం ఉదయం 9:10. దొంగ మళ్ళీ వచ్చి వెళ్ళాడు.

దొంగతనం జరిగిన చోటు శనగగింజంత. వాచీలు బాగుచేసే పెద్దాయన కుడికంటి కార్నియా. దాని మీద తెల్లటి పుండు. శుక్రవారానికి మానుతుంది, సోమవారానికి మళ్ళీ తిరగబెడుతుంది. ఇది మూడోసారి. ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. ఈ కన్నూ పోతే ఆయనకిక చీకటే.

కంటి డాక్టరమ్మ ల్యాబ్ రిపోర్టు మళ్ళీ చదివింది. దొరికింది నోట్లో ఉండే రకం బ్యాక్టీరియా. దానికి కంట్లో ఏం పని? ఇచ్చిన మందు సరైనదే. మరి తప్పెక్కడ?

"చుక్కలు ఎవరు వేస్తారు?"

"ఇంకెవరున్నారమ్మా? నేనే."

"సీసా మొన కంటికి తగిలిందా?"

"లేదు."

"దుకాణం?"

"మూసి మూడు వారాలు. మీరు వద్దన్నారుగా."

"గడ్డం ఇక్కడ పెట్టండి."

డాక్టరమ్మ లైటార్పి, రంగు చుక్క వేసి, నీలికాంతిలో చూసింది. పుండు ఆకుపచ్చగా మెరిసింది. ఆయన చేయి మైక్రోస్కోపు పిడి మీద ఉంది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

టిక్. టిక్. టిక్.

ఆమె లైటు వేసింది. ఆయన మణికట్టుకు చిన్న ఆడవాళ్ళ వాచీ. శుక్రవారం అది 11:40 దగ్గర ఆగి ఉంది. వాచీలాయన వాచీయే ఆగిందా అని ఆమె ఆటపట్టించింది కూడా. మా ఆవిడది, వారానికోసారి మొరాయిస్తుందని ఆయన నవ్వాడు.

"ఇది ఎవరు బాగుచేశారు?"

ఆయన తల దించుకున్నాడు.

"నిన్న... సాయంత్రం."

"కంటికి భూతద్దం ఇరికించుకునే కదా? అంచు జారకుండా ఏం చేస్తారు?"

"నాలుకతో తడుపుతాం. మా పనిలో అందరమూ అంతే."

"దొంగ దొరికాడు," అంది డాక్టరమ్మ. "మీ ఉమ్మే. వారం వారం మీరే తలుపు తీస్తున్నారు."

ఆయన జేబులోంచి భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. వాచీని మాత్రం అరచేత్తో కప్పుకున్నాడు.

"ఆగితే ఇంట్లో చప్పుడే ఉండదమ్మా. రాత్రి దిండు కింద పెట్టుకుంటాను."

డాక్టరమ్మదీ ఒంటరి ఇల్లే. ఇంటికెళ్ళగానే రేడియో పెట్టుకుని గానీ ఆమె అన్నం ముందు కూర్చోదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఈసారి ఆగితే ఆగనివ్వండి," అంది. "మళ్ళీ గంటకోసారి చుక్కలు. టైము నేను ఫోన్ చేసి చెబుతాను."

ఆ తర్వాతి సోమవారం, ఉదయం 9:00. పుండు ఆవగింజంతకు తగ్గిందని శనివారమే చూసింది. అయినా నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూసి డయల్ చేసింది.

మొదటి రింగు పూర్తికాలేదు.

"వాచీ నిన్న ఆగింది డాక్టరమ్మా."

"మూత తీశారా?"

"లేదు. తొమ్మిదికి మీ ఫోను మోగుతుందిగా."